యాభై తొమ్మిది రూపాయల మనిషి

మంచిర్యాల బస్టాండులో మా పాత ఇంటి ఓనరు కొడుకు కనిపించాడు. కుశలాలయ్యాక, "టీచరమ్మా, కరీంనగర్ల మీ పక్కకు కిరాయికుండె సూడుండ్రి, కచేరీల మున్షీ సాబు, ఆయన పోయిండు" అన్నాడు. "అయ్యో" అనాలి కదా ఎవరైనా! నా నోట్లోంచి మాత్రం "ఎన్నేండ్లకు?" అని వచ్చింది.

అన్నాక నాలుక కరుచుకున్నాను. అది ఆ మనిషి ప్రశ్న. చావు కబురు చెవిన పడితే, ఏం రోగం, పిల్లలెందరు అని లోకమంతా అడుగుతుంది. ఆయన ఒక్కడే ఎన్నేండ్లకు అని అడిగేవాడు. పదేళ్ళకు పైగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న పాపానికి ఆ జబ్బు నాకూ అంటినట్టుంది. పైగా ఈ మధ్య మోకాళ్ళ నొప్పులతో, గడువు కన్నా ముందే పింఛను తీసుకుంటే గడుస్తుందా అని నేనూ లెక్కలు వేసుకుంటున్నాను. బస్సెక్కి కూర్చున్నాక నా మీద నాకే రోత పుట్టింది.

ఆయన పేరు రాయను. ఆ పేరు పెట్టుకున్న మంచివాళ్ళు మా జిల్లాలో చాలామంది ఉన్నారు, వాళ్ళకెందుకు ఈ మచ్చ.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నేను కరీంనగర్ ఆడపిల్లల బడిలో చేరాను. ఒకే ఇంటిని మధ్యన గోడ పెట్టి రెండు చేశారు. ఒక సగంలో నేనూ మా బాపూ, రెండో సగంలో ఆయనా ఆయన భార్యా. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమెను నేను వదినె అనేదాన్ని. ఆయన కచేరీలో గుమాస్తా. ఉర్దూ దస్తూరి ముత్యాల్లా ఉండేదని పేరు. లంచం ముట్టడని అంతకన్నా పెద్ద పేరు. ఆ రెండూ నిజమే. నిజం చెప్పాలంటే ఆ రెండో పేరు వల్లే నాకు ఒళ్ళు ఎక్కువ మండుతుంది. లంచగొండి అయినా బాగుండేది, ఎక్కడో ఒకచోట చెయ్యి వదులయ్యేది.

రాష్ట్రం మారి, కచేరీలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్ర అధికారి ఒకడు ఆయన రాసిన కాయితాన్ని పదిమంది ముందు ఎత్తి పట్టుకుని, "ఏమిటయ్యా ఈ కోడి గీకుళ్ళు?" అన్నాడట. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. ఇరవై ఐదేళ్ళు ఆ దస్తూరితో బతికిన మనిషి. ఆ రోజు నాకు ఆయన మీద జాలి కలిగింది. అదే మొదలు, అదే ఆఖరు.

మరునాటి నుంచి లెక్క మొదలైంది. ఆయనకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. యాభై ఐదు నిండేదాకా ఆగకుండా ఇప్పుడే వజీఫా తీసుకుంటే బతకగలమా అన్నది ప్రశ్న. పింఛనును ఆయన చచ్చేదాకా వజీఫా అనే అన్నాడు. రద్దయిన పాత ఉర్దూ ఫారాలు కచేరీ నుంచి కట్టలు కట్టలుగా తెచ్చుకుని, వాటి వెనకవైపు సీసపు పెన్సిల్‌తో రాసేవాడు. పెన్సిల్ మొన నాలుకకు అద్దుకుని, ఒక అంకె వేసి, మళ్ళీ అద్దుకునేవాడు. మాట్లాడేటప్పుడు చూస్తే నాలుక చివర నల్లగా ఉండేది.

ఎంత వస్తుందో తెలుసుకోవడం సులువే. వజీఫా నలభై ఎనిమిది, పోస్టాఫీసులో వేసుకున్న దాని మీద వడ్డీ నెలకు పదకొండు. మొత్తం యాభై తొమ్మిది. ఎన్నేళ్ళు తినాలన్నదే తేలదు. అందుకే ఊళ్ళో ఏ చావు ఇల్లు విడిచేవాడు కాదు. ఆయన తండ్రి యాభై ఎనిమిదికి పోయాడు, తాత అరవై ఒకటికి, చిన్నాయన అరవై మూడుకు. తనకు అరవై నాలుగు రాసుకున్నాడు. "ఒక ఏడాది ఎక్కువనే ఏసిన టీచరమ్మా, అల్లాటప్ప లెక్క కాదు నాది" అని చెప్పుకున్నాడు.

"మరి వదినెకు ఎంత వేసినవ్ అన్నా?" అని అడిగాను. నీ తర్వాత వజీఫా ఆగిపోతుంది కదా అని కూడా అన్నాను.

"దానిదేముంది, ఒక్క పొట్ట" అన్నాడు.

మా బాపు కూడా పింఛను తీసుకున్న బడిపంతులే. బాపు పోయిన రోజు, శవం ఇంకా వాకిట్లోనే ఉంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఆయన వచ్చి దండం పెట్టి, నా పక్కన గొంతుకూర్చుని, మెల్లగా, "బాపుకు ఎన్నేండ్లుంటయి?" అన్నాడు. డెబ్బై అన్నాను. వేళ్ళు మడిచాడు. "అంటే పింఛన్ పదిహేనేండ్లు తిన్నడన్నట్టు" అన్నాడు. ఆ ముఖంలో దుఃఖం లేకపోతే పోయింది, ఈర్ష్య కనిపించింది. కొరివి పట్టుకోవడానికి వచ్చిన మా పెద్దనాన్న కొడుకు చూసి ఆయన్ను చెయ్యి పట్టుకుని లేపి అవతలికి తీసుకుపోయాడు. లేకపోతే నేనే ఏదో ఒకటి అనేదాన్ని.

ఇంత లెక్క వేసినా ఆయనకు కాయితం మీద నమ్మకం లేదు. "కాయితం మీద అందరు బతుకుతరు. బతికి సూడాలె" అన్నాడు. పద్ధతి ఏమిటంటే, ఉద్యోగంలో ఉండగానే వజీఫాలో ఉన్నట్టు బతకాలి. జీతం ఎంత వచ్చినా ఇంటికి యాభై తొమ్మిది రూపాయలే. మిగిలింది పోస్టాఫీసులో పడుతుంది, ముట్టుకోవడానికి లేదు. అప్పు చేయడానికి లేదు. ఇట్లా పన్నెండు నెలలు వరుసగా గడిస్తే దరఖాస్తు పెట్టాలి. ఏ ఒక్క నెల తప్పినా, మళ్ళీ మొదటి నెల నుంచి. మొదట విన్నప్పుడు నాకు ముచ్చటేసింది. బడిలో పంతులమ్మలందరికీ చెప్పాను, ఎంత ముందుచూపో చూడండి అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారాలు ఆయన వజీఫా అభ్యాసం చేసేవాడు. పొద్దున్నుంచి బనీను మీద అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ఊరికే కూర్చుంటే ఎంత ఖర్చవుతుందో తెలియాలట! రెండు వారాలు చూసి, పని లేని మనిషి రెండు చాయలు ఎక్కువ తాగుతాడని తేల్చాడు. ఆ రెండు చాయలు మిగలడానికి వదినె చాయ తీసేశాడు. ఆ తర్వాత పాలు తీసేశాడు. ఆ తర్వాత గ్యాసునూనె ఖర్చని ఎనిమిది కాకముందే దీపం ఊదేయమన్నాడు. నశ్యం మాత్రం తీసేయలేదు. ముక్కులో రోజుకు పదిసార్లు దట్టించేవాడు. అది 'మందులు' అనే పద్దు కింద రాసుకున్నాడని వదినె నవ్వుతూ చెప్పింది.

మొదటిసారి నాలుగో నెలలో తప్పింది. జగిత్యాల నుంచి వదినె తమ్ముడు పిల్లలతో వచ్చి నాలుగు రోజులున్నాడు. వాళ్ళు బండెక్కగానే ఆయన ఫారం మీద అడ్డగీత కొట్టి, మళ్ళీ ఒకటో నెల రాశాడు. రెండోసారి ఏడో నెలలో వదినెకు జ్వరం వచ్చింది. మందుల పద్దులో నశ్యం పోను ఆరణాలే మిగిలాయి. మళ్ళీ అడ్డగీత. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి, "ఏడు నెలలు మట్టిల కలిపితివి గదనే" అన్న మాట నా చెవులారా విన్నాను. జ్వరంతో పడుకున్న మనిషితో అన్నాడు.

మూడోసారి అయిదో నెల నడుస్తుండగా, ఒక సాయంత్రం వదినె మా ఇంటికి వచ్చి కూర్చుంది. నా దీపం వంకే చూస్తూ, "టీచరమ్మా, మీ దీపం సుట్టు సింగిడి ఉన్నదా, నాకే కనవడుతున్నదా?" అంది. వానాకాలం ఆకాశంలో ఉండాల్సిన సింగిడి దీపం చుట్టూ ఎందుకుంటుంది? తలనొప్పి కూడా వస్తోందట. కంటి వెనక ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టుంటుందట. ఎన్నాళ్ళుగా అంటే నెల దాటిందంది. మరునాడే బడికి సెలవు పెట్టి దవాఖానకు తీసుకుపోయాను.

శుక్లాలేమోనని డాక్టరు చాలాసేపు చూశాడు. "ఇది మోతిబిందు కాదమ్మా. కంట్ల నీళ్ళ బరువు పెరిగింది. పట్నం పెద్ద దవాఖానకు ఈ నెలలోనే తీసుకపోండ్రి. ఉన్న చూపు ఆపుతరు. పోయిన చూపు మాత్రం ఎవ్వరూ తేలేరు" అన్నాడు. రెండు మూడుసార్లు చెప్పాడు, ఆలస్యం చేయొద్దని.

ఆ మాటలే పొల్లుపోకుండా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"డాక్టర్లకేంది, చెప్తరు. మా అవ్వకు గిట్లనే అయింది. మోతిబిందు పండాలె. పండినంకనే కొయ్యాలె. పచ్చిగున్నప్పుడు ముడితె ఉన్న కన్ను పోతది. లోకమంతటికి ఎరుకే."

"మోతిబిందు కాదని డాక్టరు నోటితో చెప్పిండు అన్నా."

"అయిదో నెల నడుస్తున్నది టీచరమ్మా. గీసారి మంచిగ నడుస్తున్నది. ఏడాది నిండనీయుండ్రి, నేనే తోల్కపోత. నేనేమన్న కాదన్ననా?"

డబ్బు నేనిస్తానన్నాను. ఎనభై రూపాయలు నా పెట్టెలో ఉన్నాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తిరిగియ్యకుంటె దానమైతది, తిరిగిస్తె అప్పయితది. రెండిట్ల ఏది ముట్టినా ఏడాది చెడ్తది" అన్నాడు. ఎంత ఓపికగా చెప్పాడనుకున్నారు, మొండి పిల్లకు ఎక్కం నేర్పుతున్నట్టు!

వదినెతో, మనిద్దరం ఆదివారం బస్సెక్కుదాం పద అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆయన రాక నేనెట్ల వస్త టీచరమ్మా? ఏడాది నిండితె తోల్కపోత అన్నడు గద. ఒక్కసారి మాటంటె తప్పడు. నిండితె సాలు" అంది. నిజమే, ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆమె భయమల్లా ఈ ఏడాది కూడా మధ్యలో తెగుతుందేమోనని. తెగితే మళ్ళీ ఒకటో నెల. యాభై తొమ్మిదితో ఏ నెలా గడవదని ఆమెకు ఆయన కన్నా బాగా తెలుసు. ఇరవయ్యో తారీకుకు బియ్యం డబ్బా అడుగంటేది. అప్పటిదాకా పోపుడబ్బాలో దాచుకున్న చిల్లర కలిపి దాటించింది, ఇప్పుడు అదీ అయిపోయింది.

అందుకని బీడీలు మొదలుపెట్టింది.

మా వాడలో ఇంటింటికీ తునికాకు, తంబాకు ఇచ్చి బీడీలు చుట్టించుకునే కార్ఖానా ఒకటుండేది. పద్మశాలీల ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చుట్టేవారు. కచేరీ గుమాస్తా పెండ్లాం చుట్టిందంటే ఇజ్జత్ పోతుంది. అందుకని మా వంటింట్లో చుట్టింది. మా బడి ఆయా ఆకు తెచ్చి ఇచ్చి, కట్టలు తీసుకుపోయేది. నేను బడికి పోతూ తాళంచెవి వదినె చేతిలో పెట్టేదాన్ని. ఆయన కచేరీకి పోగానే మా ఇంట్లోకి వచ్చి, చాట ఒడిలో పెట్టుకుని, కత్తెరతో ఆకు కోసి, తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, సాయంత్రం ఆయన వచ్చేలోగా చేతులు బూడిదతో తోముకుని వెళ్ళిపోయేది. నశ్యం దట్టించిన ముక్కుకు తంబాకు వాసన ఏం తెలుస్తుంది?

మా వంటింట్లో వెలుగు తక్కువ. తంబాకు దుమ్ము కళ్ళలో పడి నీళ్ళు కారుతుంటే కొంగుతో ఒత్తుకుని మళ్ళీ చుట్టేది. మొదట్లో చూసి చుట్టింది. మూడు నెలలు తిరిగేసరికి తల పైకెత్తి, గోడ వైపు చూస్తూ, వేళ్ళతో తడిమి చుట్టడం నేను చూశాను. చూసి కూడా మర్నాడు తాళంచెవి ఇచ్చాను. ఆయన్ను ఎంతైనా తిట్టగలను కాని, ఆ తాళంచెవి ఇచ్చిన చెయ్యి నాదే. ఆ ఇంటికి మేలు చేస్తున్నానన్న గర్వం కూడా ఉండేది నాకు.

బీడీల డబ్బు నా పెట్టెలోనే ఉండేది. ఇరవై దాటాక ఇంత అని తీసుకుపోయి బియ్యంలో, పప్పులో కలిపేది. నెల ఆఖరున ఆయన స్వయంగా కిరాణా దుకాణానికి పోయి, "మా ఇంటి పేరు మీద ఉద్దెర ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. లేదనేవాడు దుకాణదారు. ఇంటికి వచ్చి ఆ నెల కింద ఉర్దూలో 'మంజూర్' అని రాసేవాడు. ఆ అక్షరాలు నిజంగానే అందంగా ఉండేవి.

పన్నెండు నెలలూ నిండాయి. ఆయన బతాసాలు పంచాడు. పన్నెండో నెల ఆఖరి రోజున కాదు, మరునాడు. ఆ ఖర్చు ఏడాదిలో పడకూడదు కదా. నా చేతిలో రెండు బతాసాలు పెట్టి, "సూసిండ్రా టీచరమ్మా, మనిషి అనుకుంటె ఎంతల్నన్న బతుకచ్చు" అన్నాడు. ఆ బతాసాలు నేను కాకులకు వేశాను.

మరునాడే పట్నం తీసుకుపోతాడని వదినె చీర ఉతికి మడిచి పెట్టుకుంది. వజీఫా కాయితం చేతికి రావాలి కదా అన్నాడు. కాయితం రావడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు తీసుకుపోయాడు, అన్న మాట ప్రకారం. అప్పటికి కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమకంటికి తలుపు తీసి ఉన్నదో మూసి ఉన్నదో తెలిసేది, అంతే. నాలుగో రోజు తిరిగి వచ్చారు. ఏమన్నారని వాకిట్లోనే ఎదురుపోయి అడిగాను. వదినె గోడ పట్టుకుని లోపలికి పోయింది.

"జర ముందుగాల రావాలె అన్నడు డాక్టర్. ఇప్పుడు ఏం జెయ్య రాదన్నడు. బస్సు కిరాయిలు రెండు దిక్కుల దండుగ" అన్నాడు ఆయన.

ఇంతకన్నా నీచమైన మాట నేను ఏ మనిషి నోటా వినలేదు. అన్నవాడు తాగుబోతు కాదు, దుర్మార్గుడని పేరు పడ్డవాడూ కాదు. లోపలికి వచ్చి ముఖం కడుక్కున్నాను.

ఇక వజీఫా బతుకు మొదలైంది. మొదటి నెలే పద్దెనిమిదో తారీకుకు బియ్యం అయిపోయాయి. రెండో నెల పదిహేనుకే. ఆయన ఆశ్చర్యపోయాడు. పాత ఫారాలన్నీ తీసి, అరుగు మీద పరిచి, గులకరాళ్ళు బరువు పెట్టి, రోజంతా చూసుకునేవాడు. మూడో నెలలో ఒక పొద్దున గోడ అవతల గొంతు లేచింది.

"గవే బియ్యం, గదే రేటు, గవే పైసలు. అప్పుడు సరిపోయినయి, ఇప్పుడెందుకు సరిపోవు? కండ్లు లేక పారవోస్తున్నవా?"

తర్వాత వదినె గొంతు, ఎప్పటిలాగే మెల్లగా. "అప్పుడు నేను కలిపిన. టీచరమ్మ ఇంట్ల బీడీలు సుట్టి కలిపిన. ఏడాది నిండితె కండ్లు సూపిస్త అంటివి గద."

నేను చేతిలో ఉన్న చెంబు అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడైనా ఏడుస్తాడని, లేకపోతే ఇజ్జత్ తీశావని అరుస్తాడని, అధమం చెయ్యి చేసుకుంటాడని అనుకున్నాను. కొట్టినా మనిషే అనుకునేదాన్ని.

"నెలకెంత?" అన్నాడు.

"యాదికి లేదు" అంది వదినె.

ఆమెకు యాదికి లేకపోవడమేమిటి! ప్రతి కట్టా, ప్రతి అణా ఆమెకు తెలుసు. మర్నాడు పొద్దున మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడు మళ్ళీ. అన్నం కలుపుతూ అడిగేవాడు, నీళ్ళు తోడుతూ అడిగేవాడు. యాదికి లేదనే మాట తప్ప ఆమె నోట్లోంచి రెండో మాట రాలేదు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన అడిగింది ఆమె ఇవ్వకపోవడం అదే మొదటిసారి. చివరికి జగిత్యాల నుంచి తమ్ముడు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఇప్పటికీ అక్కడే ఉందట, ఓనరు కొడుకు చెప్పాడు. ఆ ఇంట్లో చంటిపిల్లలందరికీ ఆమే నీళ్ళు పోస్తుందట.

తమ్ముడు వచ్చి తీసుకుపోవడానికి ముందు ఆదివారం, ఆయన మా ఇంటికి వచ్చాడు. పన్నెండు నెలల ఫారాలూ వరుస తప్పకుండా చంకలో ఉన్నాయి. పీట వేయకపోయినా కింద కూర్చుని, వాటిని నా ముందు పరిచాడు. వాకిట్లో వదినె చేదబావి దగ్గరికి పోతోంది. చెయ్యి ముందుకు చాపి, అడుగు అడుగుకూ ఆగుతోంది. మా ఇద్దరికీ కనపడుతోంది.

"టీచరమ్మా, పైసలు మీ పెట్టెలనే ఉండెనట. అది చెప్తలేదు. మీకెరుకే. ఏ నెల ఎంత కలిపిందో చెప్పుండ్రి, లెక్క యాడ తప్పిందో తేల్తది" అన్నాడు.

ఎంతో నాకు తెలుసు. ఆమె కలిపిన ఎనిమిది నెలలదీ వేళ్ళ మీద చెప్పగలను. ఇక్కడ కూడా రాయను.

"రెండు కండ్లు కలిపింది" అన్నాను. గట్టిగానే అన్నాను, బావి దాకా వినపడేటట్టు.

ఆయన అటు తల తిప్పి ఆమెను చూశాడు. తీరిగ్గా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, మర్యాదగా అన్నాడు.

"అది నాకెరుకే టీచరమ్మా. పైసలల్ల ఎంత?"